ఎల్మార్ చూడలేదన్న పక్షి

న్యూ టొరంటో
1994 జనవరి 13

ప్రియమైన ఎల్మార్,

నా చేతిరాత బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి, ఏమీ అనుకోకు. మా రేవులో బడి నాలుగో తరగతి దాకానే ఉండేది. అదైనా పడవలు కదలని రోజుల్లోనే వెళ్ళేవాణ్ణి. ఆ తర్వాత నేను రాసిందల్లా ఫ్యాక్టరీలో సంతకాలు, మా ఆవిడ ఎఫీ పోయినప్పుడు వాళ్ళ అక్కకి ఒక ఉత్తరం. ఇది రెండోది. పైన ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను. కొట్టేద్దామని కలం ఆనించి మళ్ళీ ఊరుకున్నాను. ఉండనీ.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నేనేం మాట్లాడతానో నీకు తెలుసు. ఆఁ అంటాను, సరే అంటాను. మిగతాదంతా నువ్వే మాట్లాడతావు. ఇన్నేళ్ళూ మనిద్దరి మాటలూ నువ్వే మాట్లాడావు. నాకది బాగానే ఉండేది. ఈసారి మాత్రం నేను మాట్లాడాలి, నువ్వు మధ్యలో అందుకోకుండా వినాలి. అందుకే కాగితం తెచ్చుకున్నాను.

అందరి ముందూ చూడలేదని ఎందుకన్నావు?

నీకు తెలిసిందే మళ్ళీ మొదట్నించీ చెబుతాను. అందులో అబద్ధం ఎక్కడుందో వేలు పెట్టి చూపించు.

సరస్సు మీద బాతుల్ని లెక్కపెట్టే రోజు పొద్దున నీ కారులో నన్ను ఎక్కించుకున్నావు. నత్తలాగా నడిపావు. రోడ్డంతా మంచు కదా, జాగ్రత్తపడుతున్నావనుకున్నాను. ఏటా మనకిచ్చే ఒడ్డు భాగమే ఈసారీ ఇచ్చింది లెక్క నడిపే డోరీన్, నది సరస్సులో కలిసే చోటి నుంచి నీళ్ళ ప్లాంటు దాకా. నేను చూసి పేరూ సంఖ్యా చెప్పడం, నువ్వు చూసి కనబడింది అనడం, పుస్తకంలో గీత గియ్యడం. ఆ నియమం నువ్వు నేర్పిందే. ఒకడు చెప్పిన పక్షిని రెండోవాడు తన కళ్ళతో చూసి కనబడింది అనాలి. అనకపోతే ఆ పక్షి లేనట్టే. నేను నేర్చుకున్నాను. నాకు కనబడకపోతే కనబడలేదనే చెప్పాను, నీ మొహం చిన్నబోయినా సరే.

రాళ్ళ కట్ట చివరికి వచ్చాం. నీళ్ళు ఆ దూరాన మొదలవుతున్నాయి, అక్కడిదాకా అంతా గడ్డకట్టి ఉంది. గడ్డ అంచు మీద ఒక బాతు చచ్చి పడుంది. పెద్ద సీగల్స్ రెండు దాని పక్కన కొట్టుకుంటున్నాయి. వాటికి ఇవతల ఒక చిన్నది. ఒళ్ళంతా తెలుపు, ఎక్కడా మచ్చ లేదు. కాళ్ళు నలుపు. పావురం నడిచినట్టు నడుస్తోంది, మధ్యమధ్య బాతు మాంసం లాగుతోంది. ఎల్మార్, ఆ పక్షిని నేను చిన్నప్పుడు మంచు తెప్పల మీద చూశాను. మా నాన్న వాళ్ళు సీల్ వేటకి పోయినప్పుడు మంచు మీద నెత్తురు కనబడితే చాలు, ఎక్కణ్ణించి వచ్చేవో వచ్చి వాలేవి. మంచుకౌజు అనేవాడు మా నాన్న. నీ పుస్తకంలో దానికి ఇంకో పేరుంది, దంతపు సీగల్ అని. ఏ పేరైతేనేం. అది ఈ సరస్సుకి వచ్చే పక్షి కాదు. అయినా వచ్చింది. నా కంటి ముందు నడిచింది.

నీకు చెప్పాను, చచ్చిన బాతు తలకి కుడిపక్కన, గడ్డ మీద అని. నువ్వు టెలిస్కోపులో కన్ను పెట్టి చాలాసేపు చూశావు.  అప్పుడన్నావు, “కనబడింది ఆంబ్రోస్. అబ్బ, ఎంత తెలుపు.” నా వీపు తట్టావు. కెమెరా తీసి దానితో కాసేపు కుస్తీపట్టి, బ్యాటరీ చలికి చచ్చిందన్నావు. పోనీలే అన్నాను. ఫోటో ఎందుకు, నువ్వు చూశావు, అంతే చాలు అనుకున్నాను. నిన్ను అంత నమ్మాను.

సాయంత్రం చర్చి కింది హాల్లో అందరం కూర్చున్నాం. డోరీన్ ఒక్కో పక్షి పేరూ చదువుతుంటే ఒక్కో జట్టూ తమ సంఖ్య చెబుతోంది. చివర్న అడిగింది, ఇంకేమైనా ఉన్నాయా అని. నువ్వు చెబుతావని నీ వైపు చూశాను. నువ్వు సూపు తాగుతున్నావు. నేనే చెప్పాను. నలభై మంది ముందు నోరు తెరవడం నాకెంత కష్టమో నీకు తెలుసు, అయినా చెప్పాను. డోరీన్ తన పద్ధతి ప్రకారం నన్ను వంటగదిలోకి వెళ్ళమంది, ఇద్దరు సాక్షుల్నీ విడివిడిగా అడగాలని. వెళ్ళాను. సూపు గంగాళం పక్కన నిలబడ్డాను. గిన్నెలందించే కిటికీ తెరిచే ఉంది. డోరీన్ నిన్ను అడిగింది. “ఎల్మార్, నీ కళ్ళతో నువ్వు చూశావా?”  నువ్వన్నావు, “లేదు. నేను చూడలేదు.”

అంతే. ఇంకో మాట అనలేదు.

క్లిఫ్ బానర్ అన్నాడు, ఆ గాలికి ఏ ప్లాస్టిక్ సంచీయో ఎగిరొచ్చి ఉంటుందిలే అని. జనం నవ్వారు. పగబట్టిన నవ్వు కాదు, ముసలాళ్ళని చూసి నవ్వే నవ్వు. అది ఇంకా అన్యాయం. తర్వాత డోరీన్ వంటగదిలోకి వచ్చి నా చెయ్యి పట్టుకుని, మంచు మీద వెలుగు మోసం చేస్తుంది ఆంబ్రోస్, ఎవరికైనా జరిగేదే అంది. వచ్చే ఏడు మీ ఇద్దరికీ తోడుగా వయసులో ఉన్నవాళ్ళని పంపిస్తానంది. నేను సరే అన్నాను. నాకు వచ్చింది ఆ మాటే.  

ఇంటికి తీసుకెళుతూ దారంతా హాకీ గురించి మాట్లాడావు.

నాకేముంది ఎల్మార్. చదువు లేదు. ఎఫీ లేదు. టైర్ల ఫ్యాక్టరీ మూసేశాక గట్టు మీద ఊరికే కూర్చునే మనిషిని నేను. నువ్వే వచ్చి పలకరించి ఈ బైనాక్యులర్ చేతిలో పెట్టావు. అప్పట్నించీ ఆ గట్టు మీద నాకో మాట ఉంది. ఆంబ్రోస్ ఉందన్నాడంటే ఉన్నట్టే అనేవాళ్ళు. అది ఎవరిచ్చిందీ కాదు, చలికాలం వెనక చలికాలం నిలబడి సంపాదించుకున్నాను. దాన్ని నువ్వు సూపు చెంచా దించకుండా తీసేశావు. నలభై ఏళ్ళు గడియారాల కడుపులో వెంట్రుకంత తీగలు సరిచేసిన కళ్ళు నీవి. ఆ కళ్ళకి పావురమంత పక్షి కనబడలేదంటే ఎవడు నమ్ముతాడు. కనబడింది. నాతో అన్నావు. గట్టు మీద నాతో నిజం చెప్పావా, హాల్లో వాళ్ళతో నిజం చెప్పావా? రెండూ నిజం కాలేవు.

జవాబు రాయి.

ఆంబ్రోస్ పార్డీ


న్యూ టొరంటో
జనవరి 24

ఎల్మార్,

ఈసారి ప్రియమైన అని రాయలేదు. గమనించు.

జవాబు రాయలేదు నువ్వు. పోస్టు మనిషి మెట్లెక్కిన చప్పుడు విని రోజూ కిందికి దిగాను. కరెంటు వాళ్ళ కాగితం వచ్చింది, పిజ్జా కొట్టు కాగితం వచ్చింది. సరే, పని ఉందేమో, ఒంట్లో బాగాలేదేమో అని నీ తరఫున నేనే సాకులు వెతికి పెట్టాను. నిన్నటితో అవి కూడా అయిపోయాయి.

నిన్న మిట్టమధ్యాహ్నం లేక్‌షోర్ రోడ్డు మీద ట్రాము కోసం నిలబడ్డాను. నీ కారు వచ్చింది, లోపల నువ్వొక్కడివే. ఎర్రదీపం పడి నా ముందే ఆగింది. మన మధ్య ఒక గుర్రం పట్టేంత దూరం కూడా లేదు. ఇంత కోపంలోనూ నా చెయ్యి దానంతట అదే లేచింది, అది నా ఖర్మ. నువ్వు తల తిప్పావు. నా మొహంలోకి చూశావు, సూటిగా. మొహంలో ఒక్క గీత కదల్లేదు. స్తంభాన్ని చూసినట్టు చూసి, పచ్చదీపం పడగానే వెళ్ళిపోయావు. నా పక్కన నిలబడ్డ ఆవిడ కూడా చూసింది. నేను గాల్లో ఉన్న చేతిని టోపీ సర్దుకోవడానికి ఎత్తినట్టు టోపీ మీదికి పోనిచ్చాను.

మా రేవులో ఇద్దరు అన్నదమ్ములుండేవాళ్ళు. వల విషయంలో తగాదా వచ్చి మాటలు మానేశారు. అయినా పడవలు ఎదురైతే తల ఊపేవాళ్ళు. మొహం చూసి గుర్తుపట్టనట్టు పోయినవాణ్ణి నేను పుట్టి ఇంతవరకూ చూడలేదు.

గట్టు మీద పరిస్థితి కూడా విను. శనివారం వెళ్ళాను. క్లిఫ్ ఎదురొచ్చి, ఏం ఆంబ్రోస్, ఇవాళ కౌజు కూరా అన్నాడు. పక్కనున్నవాళ్ళు నేల చూపులు చూశారు. తర్వాత బంగారుకన్ను బాతుల గుంపులో ఒక దాని మొహం మీద మచ్చ తేడాగా కనబడింది. ఆ మాట చెబుదామని నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. చెబితే వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. చూసిన పక్షిని చెప్పలేనివాడికి అక్కడ పనేముంది. బైనాక్యులర్ దించి ఇంటికి వచ్చేశాను.

ఇక రాను. నీ బైనాక్యులర్ తుడిచి పెట్టెలో పెట్టాను, ఈ కాగితం కూడా అందులోనే ఉంచుతున్నాను. మీ ఇంటి మెట్ల మీద పెట్టి వస్తాను. తలుపు కొట్టను. మన భాగం ఇంకెవరికైనా ఇచ్చుకోమని డోరీన్‌కి చెబుతాను. నువ్వు కావాలంటే క్లిఫ్‌ని తోడు పెట్టుకో, అతనికి కూడా కనబడింది అనడం వచ్చు.

మీ ఆవిడ హిల్యమ్మకి నా నమస్కారం. ఆవిడ మీద నాకేమీ లేదు.

ఆంబ్రోస్ పార్డీ


టొరంటో
జనవరి 27

ప్రియమైన ఆంబ్రోస్,

ఈ అక్షరాలు హిల్యావి, మాటలు నావి. ఎందుకలాగో చెబుతాను. మధ్యలో చించెయ్యకు.

నీ మొదటి ఉత్తరం అందాల్సిన రోజే అందింది. కవరు మీద రాత నీదేనని తెలిసింది, అంత లావున ఇంకెవరూ రాయరు. లోపలిది చదవలేకపోయాను. నీ రాత బాగాలేక కాదు. అచ్చు వేసినదైనా నేను చదవలేను. రెండు చలికాలాలుగా నా కళ్ళు పోతూ వస్తున్నాయి. గుడ్డివాణ్ణి కాదు, ఇంకోరకం. చూపు మధ్యభాగం పోయింది. నేను దేన్ని చూస్తే అది మాయమవుతుంది, దాని చుట్టూ ఉన్నది కనబడుతుంది. సరస్సు కనబడుతుంది, రాళ్ళు కనబడతాయి, పక్కన నీ కోటు కనబడుతుంది. పక్షి ఉందని నువ్వు చెప్పిన చోట మాత్రం ఒక బూడిదరంగు మరక ఉంటుంది. ట్రాము స్టాపు దగ్గర నువ్వున్నావని నీ రెండో ఉత్తరం హిల్యా చదివితే తెలిసింది. ఎవరో చెయ్యెత్తినట్టు అనిపించి అటు తిరిగాను. తిరిగితే మనిషి ఉన్నాడు, మొహం ఉండాల్సిన చోట మొహం లేదు.

నీ ఉత్తరం చదివించుకోవాలంటే హిల్యాకి నా సంగతి చెప్పాలి. చెప్పలేదు. కోటు జేబులో పెట్టుకుని తిరిగాను. నువ్వు బూతులు తిట్టావో, క్షమించావో తెలియకుండా దాన్ని తడుముకుంటూ తిరిగాను. మొన్న మెట్ల మీద పెట్టె హిల్యాకి దొరికింది. కాగితం తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ట్రాము స్టాపు దగ్గరికొచ్చాక ఆగి నా వైపు చూసింది. ఆవిడ చూస్తోందని నాకు నిశ్శబ్దాన్నిబట్టి తెలిసింది. అప్పుడు చెప్పేశాను. తర్వాత జేబులోది కూడా తీసిచ్చాను. అది ఆవిడ ఏడుస్తూ చదివింది, ఏడుపు నీ కోసమో నా కోసమో చెప్పలేదు.

ఇప్పుడు హాలు సంగతి. నువ్వడిగావు, ఎక్కడ నిజం చెప్పానని. హాల్లో. గట్టు మీద రెండేళ్ళుగా నీతో చెప్పిందంతా అబద్ధం. కనబడింది, కనబడింది, కనబడింది. మొదటిసారి పరాకున అన్నాను. రెండోసారి, రేపు కళ్ళద్దాలు మార్పించుకుంటే నిజమవుతుందిలే అనుకున్నాను. డాక్టరు అద్దాలతో పోయేది కాదన్నాక, నోటికి అలవాటైపోయింది. నువ్వు చెబుతుంటే నాకు అన్నీ కనబడేవి ఆంబ్రోస్. నీకు మాటలు తక్కువ కదా, ఉన్న నాలుగు మాటలూ సరిగ్గా పెడతావు. తెల్లపక్షి గురించి చెప్పినప్పుడు నీ గొంతు వణికింది. ఎంత తెలుపు అని నేనన్నది అబద్ధమని నాకే అనిపించలేదు. కెమెరా బ్యాటరీ బాగానే ఉంది.

డోరీన్ నీ కళ్ళతో అని అడిగింది. నల్లకాళ్ళు, పావురం నడక, నువ్వన్నదే అప్పజెప్పి ఉంటే ఇద్దరం ఒకేలా చెప్పామని నీ పక్షి లెక్కలోకి ఎక్కేది. నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. నీకు అబద్ధం చెప్పగలిగాను గాని, ఆ పక్షికి అబద్ధపు సాక్షిని కాలేకపోయాను. అది నువ్వు మీ నాన్న దగ్గర్నించి తెచ్చుకున్న పక్షి. అయితే చూడలేదన్నాక ఇంకొక్క మాట అనాలి, నా కళ్ళు పోయాయి, అందుకని అని. ఆ ఒక్కటీ మింగాను. గడియారాల ఎల్మార్‌కి కళ్ళు లేవని నలభై మందికి తెలియడం కంటే నీ మాట పోవడమే నాకు తేలికైంది. దీనికి నా దగ్గర క్షమాపణ లేదు. వెతికాను.

కాని నాకూ కోపముంది, అదీ రాయమంటున్నాను హిల్యాని. గడ్డ అంచున ఉన్న బాతుని తోక వంపు చూసి పోల్చేవాడివి నువ్వు. నీ మోచేతి పక్కన నిలబడ్డవాడు టెలిస్కోపుని తప్పువైపు తిప్పి పెడుతుంటే రెండేళ్ళు నీకు కనబడలేదా? ఫ్లాస్కులో టీ పోస్తూ నీ చేతి తొడుగు మీద పోశాను, గాలి అన్నావు. మంచులో నీ అడుగుల్లోనే అడుగు వేస్తూ నడిచాను, ఎప్పుడైనా వెనక్కి తిరిగి ఎందుకని అడిగావా? నువ్వు పక్షుల్నే చూశావు. నన్ను చూసి ఉంటే నేను చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. నువ్వు కనిపెడతావేమోనని భయపడ్డాను, కనిపెట్టనందుకు మండిపడ్డాను. రెండూ ఒకేసారి.

ఈ ఉత్తరం డోరీన్‌కి చూపించు. కావాలంటే హాల్లో అందరి ముందూ చదివించు. నీ మాట నీకు తిరిగొస్తుంది. నేనింక గట్టుకి రాను, వచ్చి చేసేదేముంది. టెలిస్కోపు నువ్వు తీసుకో.

నీ
ఎల్మార్ రెబానె

ఆంబ్రోస్ గారూ, ఇది నేను హిల్యాని. కారు తాళాలు పిండి డబ్బాలో దాచాను, ఆ డబ్బా ఎక్కడుందో ఈయనకి చెప్పలేదు. మొన్నటిదాకా కారులో పక్కన కూర్చుని రోడ్డు బోర్డులన్నీ చదివి వినిపించమనేవారు, నా ఇంగ్లీషు బాగుపడుతుందని. నలభై ఏళ్ళయింది ఈ దేశం వచ్చి, ఇంకా నా ఇంగ్లీషు బాగుపడడమేమిటని నేనైనా అడిగానా? మీకంటే తెలివితక్కువదాన్ని నేను. బైనాక్యులర్ మా బల్ల మీదే ఉంది.


న్యూ టొరంటో
ఫిబ్రవరి 1

ఒరే ఎల్మార్,

నా రాత ఇవాళ ఇంకా అధ్వానంగా ఉంటుంది. కోపంతో రాస్తున్నాను. హిల్యమ్మా, మీరు చదివేటప్పుడు నేను ఎక్కడ అరుస్తున్నానో అక్కడ అరిచి చదవండి, మెత్తగా చదవకండి.

కారు నడిపావు. అది మొదటి సంగతి. మధ్యలో ఏమీ కనబడని మనిషివి, ట్రాములూ బడిపిల్లలూ తిరిగే రోడ్డు మీద, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు చలికాలాలు కారు నడిపావు. నేను ఆ కారులో టీ తాగాను. కునుకు తీశాను. నీ కళ్ళ గురించి మిగతాదంతా రేపెప్పుడో క్షమిస్తానేమో, దీన్ని మాత్రం క్షమించను. ఒక పిల్ల అడ్డం వచ్చి ఉంటే? నువ్వు అటు చూసి ఉంటే, సరిగ్గా చూసినందుకే అది నీకు కనబడకపోయేది. హిల్యమ్మా, ఆ డబ్బా మార్చండి. అతనికి ముక్కు బాగానే ఉంది, పిండివాసన పట్టేస్తాడు.

రెండోది. నేను నిన్ను చూడలేదన్నావు. అక్కడ చదివి కాగితాన్ని బల్లకేసి కొట్టాను. టీ ఒలికింది. కొట్టింది నువ్వు తప్పు రాసినందుకు కాదు. అది నిజం. నా వెనక మంచులో ఒకే వరస అడుగులు పడడం నేను చూశాను. చూసి, ఎల్మార్ తెలివైనవాడు, నా అడుగుల్లో నడుస్తూ బూట్లు తడవకుండా చూసుకుంటున్నాడు అనుకున్నాను. అంతకంటే నీ గురించి ఆలోచించలేదు. దానికి నువ్వెంత తిట్టినా పడతాను. కాని తిట్టడానికి రెండేళ్ళెందుకు పట్టింది? నాకైతే మాటలు రావు. నీకేమైంది? ప్రపంచంలో ఉన్న ప్రతి సంగతీ నాతో మాట్లాడావు. ఎస్టోనియాలో మీ తాత ఆవు సంగతి మూడుసార్లు చెప్పావు. ఇదొక్కటీ దాచుకున్నావు.

ఇప్పుడు నీ ఉత్తరం సంగతి. దాన్ని చదివాక మొన్న ఆదివారం కోటు లోపలి జేబులో పెట్టుకుని ట్రామెక్కాను, డోరీన్‌కి చూపిద్దామనే. అబద్ధమెందుకు. నా మాట నాకు కావాలి. రాళ్ళ కట్ట దగ్గర ఆదివారం గుంపు ఉంటుందని తెలుసు. ఉన్నారు. డోరీన్ ఉంది, క్లిఫ్ ఉన్నాడు, ఇంకో నలుగురైదుగురున్నారు. గడ్డ ఇంకా లోపలికి పోయింది, పొడుగుతోక బాతులు ఆ అంచున చేరి ఒకటే గోల. నేను వెళ్ళి నిలబడ్డాను. మెళ్ళో బైనాక్యులర్ లేకపోవడం అందరూ చూశారు.

క్లిఫ్ అన్నాడు, ఆంబ్రోస్ ఇవాళ ఉత్త కళ్ళతోనే పట్టేస్తాడట కౌజుని అని. నా చెయ్యి జేబులోకి పోయింది. కవరు వేళ్ళకి తగిలింది. ఇది తీసి ఇస్తే క్లిఫ్ మొహం ఎలా మారుతుందో నాకు కనబడింది. ఆ తర్వాత కనబడింది ఇంకోటి. వాళ్ళు నీ ఇంటికి వస్తారు, గిన్నెల్లో కూరలు పట్టుకుని. నీ చెయ్యి పట్టుకుని గట్టు దాటిస్తారు. ప్లాస్టిక్ సంచీ అని నవ్వినట్టే నీ వెనక నిట్టూరుస్తారు. ఆ సంగతి హిల్యమ్మకి చెప్పడానికే నీకు అంత కాలం పట్టింది, ఆ కాగితాన్ని నేను క్లిఫ్ బానర్ చేతుల్లో పెట్టనా? నేను పెట్టను. అది నువ్వు చెప్పుకోవాల్సిన మాట. నీ నోటితో చెప్పుకో, చెప్పాలనుకున్న రోజున. నా మాట కోసం నీ మాట అమ్ముకోను.

అయితే ఊరికే వెళ్ళిపోలేదు. చెయ్యి ఖాళీగానే బయటికి తీసి, డోరీన్ ముందు నిలబడి చెప్పాను. గొంతు ఎంత పెద్దదైందో నాకే తెలియదు, బాతులు కూడా కాసేపు ఆగినట్టయింది.

“నేను చూశాను. ఎల్మార్ చూడలేదు. ఇద్దరం నిజమే చెప్పాం.”

డోరీన్ బిత్తరపోయింది. అలాగైతే ఎలా రాయను ఆంబ్రోస్ అంది. రాయొద్దన్నాను. ఒక్కడు చూసింది లెక్కలోకి రాదు, అది నియమం, నియమం మంచిదే. రాయకపోతే ఆ పక్షి తిన్న మాంసం తిరిగి బాతుకి అతుక్కోదు కదా అన్నాను. క్లిఫ్ నవ్వబోయాడు. మరి ఎల్మార్ ఆ పూట ఎటు చూస్తున్నాడట అన్నాడు. నేను అతని దగ్గరికి వెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళలేదు అంత దగ్గరికి. “వాడొస్తాడు. వాణ్ణే అడుగు, మొహం మీద అడుగు,” అన్నాను. “నేను లేనప్పుడు నన్నేమన్నా అను నాయనా. ఎల్మార్ అబద్ధమాడాడని మాత్రం నోరు జారకు.”  డోరీన్ తన బైనాక్యులర్ మెళ్ళోంచి తీసి నాకిచ్చింది, ఆ గుంపులో ఏమున్నాయో చూడమని. చూసి చెప్పాను. పక్కనున్నవాళ్ళు తామూ చూసి కనబడింది అన్నారు. క్లిఫ్ కూడా అన్నాడు, కాస్త ఆలస్యంగా.

వచ్చే ఏడు మాకు తోడు అక్కర్లేదని కూడా చెప్పాను. మాకు అన్నాను, విన్నావా. నువ్వు గట్టుకి రానంటున్నావు. ఎవడడిగాడు నిన్ను. వాడొస్తాడని అంతమంది ముందు అనేశాను, ఇప్పుడు నువ్వు రాకపోతే ఈసారి నిజంగానే నన్ను అబద్ధాలకోరుని చేసినవాడివవుతావు. టెలిస్కోపు నాకొద్దు. అది నువ్వు మోసుకుని రా, నీకు నడుము బాగానే ఉంది. హిల్యమ్మ నిన్ను ట్రామెక్కిస్తుంది, నేను స్టాపులో ఉంటాను. నేను చెప్పేది వింటావు. ఏమీ కనబడలేదంటే కనబడలేదని అంటావు. ఇంకొక్కసారి ఊరికే కనబడింది అన్నావో, నిన్ను రాళ్ళ మీదే వదిలేసి ట్రామెక్కేస్తాను. పదిసార్లు కనబడలేదంటే పదిసార్లూ మళ్ళీ చెబుతాను. నాకు మాటలు తక్కువే గాని ఓపిక తక్కువ కాదు. ఎండ కాస్తోందా, గడ్డ ఏ రంగులో ఉంది, ఏ బాతు ఏ బాతుని తరుముతోంది, అన్నీ చెబుతాను. నిన్ను ముందు నడవనిచ్చి నేను వెనక నడుస్తాను, జారితే పట్టుకోవడానికి. పట్టుకుని తిడతాను కూడా.

నా కోపం పోలేదు. అది పోయేదాకా ఆగితే ఈ చలికాలం అయిపోతుంది, బాతులు వెళ్ళిపోతాయి. కోపంతోనే రా.

ఈ ఆదివారం వస్తున్నావో లేదో హిల్యమ్మ చేత వెంటనే రాయించు. శుక్రవారంలోగా నాకు అందాలి. ఫోన్ చెయ్యకు, నేను సరే అనేస్తాను. ఉత్తరమే రాయి, త్వరగా.

నీ
ఆంబ్రోస్